విండోస్ తీసేసి లైనక్స్ పెడదామనుకుంటున్నా, నాన్న తెలుగు టైపింగే టెన్షన్

పెన్నాగట్టు (నెల్లూరు, వేదాయపాళెం) – ఆదివారం రాత్రి

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఉండేది 2017లో కొన్న డెస్క్‌టాప్. ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ అయిపోయింది గదా, 11కి పోదామంటే ఈ మిషన్‌కి కుదరదంటోంది. ప్రాసెసర్ ఎనిమిదో తరమన్నా అయ్యుండాలంట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంట. ఇప్పుడున్న దాని వేగం ఎట్టుందంటే, బటన్ నొక్కి వంటింట్లోకి పోయి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతానే ఉంటాయి.

పోయినేడు ఒక షాపులో ఫార్మాట్ కొట్టించా. 500 తీసుకుని ఒరిజినలే అన్నాడు. నెల తిరక్కముందే కింద మూల యాక్టివేట్ చేసుకోమని వచ్చింది, బ్రౌజర్ తెరిస్తే రమ్మీ ప్రకటనలు. అప్పుడే అనుకున్నా, ఇంకోసారి ఈ బాధ వద్దని.

ఇంట్లో వాడకం ఇదీ. నాన్న రిటైర్డ్ తెలుగు పండిట్, రోజూ పొద్దున రెండు గంటలు పద్యాలకి తాత్పర్యాలు టైప్ చేస్తారు, అను ఫాంట్లలో, ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్ (ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే అమరిక). పదేళ్ల ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉన్నాయి, అవి పోతే నేను ఇంటికి పోనక్కర్లేదు. మా ఆవిడ ట్యూషన్ పిల్లలకి ప్రశ్నపత్రాలు వర్డ్‌లో చేసుకుంటుంది. మావాడు తొమ్మిదో తరగతి, యూట్యూబ్. ఒక పాత లేజర్ ప్రింటర్ ఉంది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ పెడితే వీటిలో ఏది నడుస్తుంది, ఏది నడవదు? పెట్టినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కావలి_కుర్రోడు

అన్నా, ముందు ఏమీ తీసేయొద్దు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, లైనక్స్‌లో ఒక రకమైన మింట్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లేదా వెంటాయ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో అందులోకి ఎక్కించు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్12 (కొన్నిటికి ఎఫ్9) కొడితే పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లేస్తుంది, దీన్నే లైవ్ అంటారు. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోదు. సౌండ్ వస్తుందా, వైఫై పడుతుందా, ప్రింటర్ కనపడుతుందా, అన్నీ అక్కడే చూసుకుని నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ పాతట్టే ఉంటుంది. లైవ్‌లో కొంచెం నిదానంగా ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ వేగం, కంగారు పడొద్దు.

మింట్ ఎందుకంటే, స్టార్ట్ మెనూ ఎడమ మూలే, గడియారం కుడి మూలే, నాన్నగారికి ఇల్లు మారినట్టు ఉండదు. 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సినమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ అని మూడు రకాలు. నీ 4 జీబీకి తేలికగా ఉండే ఎక్స్ఎఫ్‌సీఈ తీసుకో.

ఇంకొకటి. హార్డ్ డిస్క్ తిరిగేది అయితే ఏ ఓఎస్ పెట్టినా టీ గ్లాసు కడిగే టైం తప్పదు. ముందు 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించు, నీ జబ్బులో ముక్కాలు భాగం దాంతోనే పోతుంది.

ఒంగోలు_గిత్త

ఎందుకన్నా ఈ తిప్పలు. విండోస్ 10కి ఇళ్లలో వాడేవాళ్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బులు కూడా కట్టక్కర్లా. ఏడాదిలో సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిదో తరం మిషన్ దొరక్కపోదు. నేను 2011లో ఉబుంటు సీడీ పెట్టి వారం రోజులు నల్ల తెర ముందు కూర్చున్నోణ్ణి. పాట పెడితే సౌండ్ రాదు, సౌండ్ వస్తే నెట్ రాదు. పెద్దాయన్ని ఆ గోలలోకి లాగొద్దు.

కావలి_కుర్రోడు

గిత్తన్నా, ఏడాది మాట కరెక్టే, అది కూడా దారే. కానీ ఆయనది క్రాక్ కొట్టిన విండోస్, దాంట్లో షాపువాడు ఇంకేం దూర్చాడో తెలియదు, దాని మీద బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం నాకైతే ధైర్యం చాలదు. 2011కీ ఇప్పటికీ పోలికే లేదు. నీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది గదా, దాని కెర్నెల్, అంటే లోపలి గుండెకాయ కూడా లైనక్సే, నల్ల తెర చూపిస్తోందా?

ఒంగోలు_గిత్త

ఫోన్ సంగతి వేరు తమ్ముడూ, అది కొన్నప్పుడే అన్నీ పెట్టి ఇస్తారు. సరే, పెట్టుకోనీ, నేనూ చూస్తా.

ట్రంకురోడ్డు_డీటీపీ

పాతికేళ్లుగా పెళ్లికార్డులు, కరపత్రాలు చేస్తున్నా కాబట్టి టైపింగ్ గురించి నేను చెప్తా. మిగతాది కుర్రోళ్లు చూసుకుంటారు.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని చోట్లా ఒకే నంబరు ఇచ్చే పద్ధతి) కావు. అంటే ఫైల్‌లో ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి ఆ ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేని చోట తెరిస్తే వేషం తీసేసిన భాగవతుల మాదిరి చుక్కలూ బ్రాకెట్లూ కనిపిస్తాయి. లైనక్స్‌లోనే కాదు, ఫోన్‌లో తెరిచినా అంతే. కాబట్టి మీ నాన్నగారి ఫైళ్లు ఈ రోజు కాకపోతే రేపైనా యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. దానికి కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పేస్ట్ చేస్తే మారుస్తాయి. కానీ ఒత్తుల దగ్గర, ముఖ్యంగా క్ష, జ్ఞ, మూడక్షరాల సంయుక్తాల దగ్గర తప్పులు దొర్లుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. పద్యాలంటున్నారు, అరసున్నలు, బండి ఱలు ఉంటాయి, అవి మరీ జాగ్రత్త.

కొత్తగా టైప్ చేయడానికి లైనక్స్‌లో ఐబస్ అని, భాషల కీబోర్డులు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి ఎం17ఎన్ అనే ప్యాకేజీ తోడు చేస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన, ఆపిల్ లేఅవుట్లు అన్నీ జాబితాలో వస్తాయి. పెట్టాక ఒకసారి లాగౌట్ అయి లోపలికి రావాలి, లేకపోతే జాబితా ఖాళీగా కనిపించి మీరు నన్ను తిడతారు. ఆపిల్ ఉంది కాబట్టి పెద్దాయన వేళ్లకి పెద్ద కష్టం ఉండదు. అక్కడక్కడా తేడా ఉంటుంది, వారం చాలు.

నా షాపులో మాత్రం విండోస్ తీయను. పేజ్‌మేకర్, ఫోటోషాప్ లైనక్స్‌కి లేవు, ప్రెస్ వాళ్లు అడిగే ఫైళ్లు అవే. పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి, సొంతానికి ఒక చిన్న పుస్తకం దాంట్లో పేజీలు కట్టి చూశా, బానే ఉంది. కానీ గిరాకీ ముందు నిలబడి ఉండగా కొత్త సాఫ్ట్‌వేర్‌తో ప్రయోగాలు చేసేంత ఓపిక నాకు లేదు.

మలైకాజా (బుచ్చిరెడ్డిపాళెం)

అన్నా, మీ ఆవిడ పనే నా పని కూడా, ట్యూషన్లు. ఏడాదిన్నరగా మింటే. వర్డ్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) తెరుచుకుంటాయి. ఒక పేజీకి సరిపెట్టిన ప్రశ్నపత్రం రెండో పేజీలోకి ఒక్క లైను జారిపోవడమే మొదట్లో నా ఏడుపు. తర్వాత తెలిసింది, ఆ ఫైల్‌లో వాడిన కాలిబ్రి ఫాంటు లైనక్స్‌లో ఉండదు. దాని కొలతలతోనే చేసిన కార్లిటో అని ఉంది, అది పెట్టుకుంటే లైన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అట్టే కేంబ్రియా ఫాంటుకి బదులు కాలడియా. ఇది ఎవరూ చెప్పలేదు నాకు, మూడు నెలలు ఒక్కో పేపరు చేత్తో సర్దుకున్నా.

తెలుగు మీడియం పిల్లల పేపర్లకి మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు వాడతా. సిలికానాంధ్ర వాళ్లవి, అన్నీ ఉచితమే, యూనికోడే. హెచ్‌పీ ప్రింటర్ కేబుల్ పెట్టగానే తీసుకుంది, నేనేం చేయలేదు. మీది ఏ ప్రింటరో లైవ్‌లోనే చూసుకోండి, పాత లేజర్ అంటున్నారు కాబట్టి అనుమానమే.

చీమకుర్తి_నల్లరాయి

క్వారీ ఆఫీసులో అకౌంట్లు చూస్తా. ఇంట్లో లైనక్స్ పెట్టా, ఆఫీసులో పెట్టలేదు. లెక్కలు రాసే ట్యాలీ విండోస్‌దే. విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌లో నడిపే వైన్‌లో లేపినవాళ్లున్నారు, కానీ నెలాఖర్లో జీఎస్టీ రిటర్న్ వేసే రోజున అది మొరాయిస్తే ఓనరుకి వైన్ అంటే ఏమని చెప్పాలి? డిజిటల్ సంతకం టోకెన్‌తోనూ అంతే, రిస్క్ ఎందుకు. మీ ఇంట్లో ఈ రెండూ లేవు కాబట్టి మీరు ధైర్యంగా పోవచ్చు.

పెన్నాగట్టు – శనివారం

లైవ్ పెట్టి చూశా. ముందుగా దెబ్బ వైఫై దగ్గర తగిలింది. నా వైఫై డాంగిల్‌ని (యూఎస్‌బీకి తగిలించే వైఫై ముక్క) గుర్తే పట్టలేదు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. అరగంట తల పట్టుకున్నా. మావాడు వచ్చి ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్‌లో నెట్‌ని కేబుల్ మీద పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. టక్కున నెట్ వచ్చింది. వాడికి యాడ తెలుసో.

సౌండ్ ఓకే, యూట్యూబ్ ఓకే. ప్రింటర్ పేరు చూపిస్తుంది, ప్రింట్ కొడితే లైటు ఒకసారి వెలిగి ఊరుకుంటుంది. ఎస్ఎస్‌డీకి ఆర్డర్ పెట్టా.

కావలి_కుర్రోడు

మంచి పని. ఎస్ఎస్‌డీ వచ్చాక ఇట్ట చెయ్. పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే తగిలించి దాంట్లో మింట్ ఎక్కించు. అప్పుడు పొరపాటున డిస్క్ మొత్తం చెరిపెయ్ అని నొక్కినా చెరిగేది ఖాళీ డిస్కే. అయ్యాక పాత డిస్క్ మళ్లీ తగిలించు, విండోస్ అందులో అట్టే ఉంటుంది. అయినా సరే డీ డ్రైవ్‌లో నాన్నగారి ఫోల్డర్ ముందే బయట డిస్క్‌లోకి ఒకటి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి కాపీ తీసుకో. ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే సెట్టింగ్స్) చెయ్యి పెట్టండి.

రొయ్యలగుంట (అల్లూరు)

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. నా దగ్గర పాత చిన్న నెట్‌బుక్ ఉంది, 1 జీబీ ర్యామ్, 32 బిట్. చెరువు కాడ మేత లెక్క, కౌంటు, నీళ్ల పరీక్షల వివరాలు రాసుకోడానికి మాత్రమే. దీనికి ఏదైనా పెట్టొచ్చా?

కావలి_కుర్రోడు

32 బిట్ అయితే మింట్ కొత్తవి రావు. డెబియన్ అనే ఇంకో రకం లైనక్స్ ఉంది, దాని 12వ వెర్షన్ తేలికైన ఎల్ఎక్స్‌డీఈ తెరతో పెట్టుకో. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేశారు కాబట్టి ఇదే ఆఖరు బస్సు. షీట్‌లో లెక్కలు రాసుకోడానికి సరిపోతుంది, బ్రౌజర్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

రొయ్యలగుంట

నాకు షీటు చాలు తమ్ముడూ. నెట్ అంతా ఫోన్‌లోనే.

పెన్నాగట్టు – తర్వాతి బుధవారం

ఎక్కించా. ఇన్‌స్టాల్ పావుగంట పట్టింది. ఇప్పుడు బటన్ నొక్కి కుర్చీ లాక్కునే లోపల తెర వచ్చేస్తోంది. మా ఆవిడ, ఇదేంది కొత్త కంప్యూటర్ కొన్నావా, నాకు చెప్పకుండా అనింది.

కానీ రెండు సమస్యలు. ఒకటి, డీ డ్రైవ్ తెరుచుకుంటోంది, ఫైళ్లు కనిపిస్తున్నాయి, కానీ సేవ్ చేయనీడం లేదు. నాన్న తాత్పర్యం ఒక పేజీ టైప్ చేసి సేవ్ కొడితే రీడ్ ఓన్లీ అంటోంది. ఆయన మొహం చూడలేకపోయినా. రెండోది, నిన్న సాయంత్రం ఏదో ఫైల్ కోసం విండోస్‌లోకి పోతే ఏడున్నరకి గడియారం మధ్యాహ్నం రెండు చూపిస్తోంది. నాన్న చూసి, మన నెల్లూరుని తీసుకుపోయి లండన్‌లో కలిపారా ఏందిరా అన్నారు.

కావలి_కుర్రోడు

నాన్నగారు కరెక్ట్‌గా పట్టుకున్నారు అన్నా, అది నిజంగా లండన్ టైమే. మదర్‌బోర్డ్‌లో చిన్న గడియారం ఒకటి ఉంటుంది. లైనక్స్ అందులో గ్రీనిచ్ టైం రాసి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుకుంటుంది. విండోస్ ఏమో అందులో ఉండేది మన టైమే అనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఏడున్నరలోంచి ఐదున్నర తీసెయ్, రెండు. రెండిట్లో ఒకరు తగ్గాలి. లైనక్స్‌నే తగ్గమని చెప్పే కమాండ్ ఒకటుంది, ఇక్కడ తెలుగులో రాస్తే పనిచేయదు కాబట్టి నీకు మెసేజ్‌లో పంపా, కాపీ చేసి టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) పేస్ట్ చెయ్.

డీ డ్రైవ్‌ది ఫాస్ట్ స్టార్టప్ మహిమ. విండోస్‌లో షట్‌డౌన్ కొడితే అది పూర్తిగా ఆగదు, తొందరగా లేవడానికి సగం నిద్రలోకి పోతుంది, పోతూ డిస్క్‌ని తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఇంకొకరు రాస్తే ఫైళ్లు చెడిపోతాయని లైనక్స్ చదవడం వరకే చేస్తుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి పోయి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి, ఒకసారి మామూలుగా షట్‌డౌన్ చేసిరా.

ఒంగోలు_గిత్త

చూశారా, నేను చెప్పలే?

మలైకాజా

గిత్తన్నా, సేవ్ కాకపోవడం విండోస్ పడుకోకపోవడం వల్ల అంటున్నారు, మీరు మళ్లీ లైనక్స్‌నే అంటారు. 😀

పెన్నాగట్టు

రెండూ అయినాయి. టిక్ తీసేశాక సేవ్ అవుతోంది, గడియారం నెల్లూరికి తిరిగొచ్చింది. నాన్న రోజూ రాసే ఫోల్డర్ మాత్రం ఎస్ఎస్‌డీలోకే తెచ్చేశా, ఇక విండోస్ నిద్రతో మనకి పనేముంది.

టైపింగ్‌కి ఆపిల్ లేఅవుట్ దొరికింది. డీటీపీ గారూ, మీరు లాగౌట్ సంగతి చెప్పకపోయుంటే నిజంగానే తిట్టేవాణ్ణి. నాన్న మొదటి రోజు విసుక్కున్నారు, రెండో రోజు మాట్లాడకుండా టైప్ చేశారు. మూడో రోజు పిలిచి, ఇందులో అరసున్న యాడుందిరా అన్నారు. నేను వెతికా, నాకు దొరకలేదు. అరసున్న లేకుండా పద్యం రాయడం అంటే ఆయనకి ఒక చెప్పు వేసుకుని నడిచినట్టంట.

ట్రంకురోడ్డు_డీటీపీ

ఆపిల్‌లో అది ఏ మీట మీద పెట్టారో నాకూ గుర్తులేదు, కానీ దారి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కూడా జాబితాలో చేర్చుకోండి. అందులో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ కొడితే అరసున్న, షిఫ్ట్ పట్టుకుని జే కొడితే బండి ఱ. టైపింగ్ అంతా ఆపిల్‌లో చేసుకుని ఆ రెండు అక్షరాలు వచ్చినప్పుడు మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌కి మారి రావడమే. మార్చడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కాలి. అది విసుగనిపిస్తే పద్యం మొత్తం రాసుకుని చివర్లో అరసున్నలు చల్లుకోవచ్చు, నేను పాత పుస్తకాలు కొట్టేటప్పుడు అట్టే చేస్తా.

ఇంకో సంగతి, అరసున్న అన్ని ఫాంట్లలో ఒకేలా కనపడదు, కొన్నిట్లో చతికిలపడుతుంది. పోతన ఫాంటు పెట్టి చూపించండి, పాత పండితులకి నచ్చే అక్షరాలు అవి.

పెన్నాగట్టు – పదిరోజుల తర్వాత

అప్‌డేట్ చెప్పి వదిలేస్తా. పోతన పెట్టా. నాన్న తెర దగ్గరికి మొహం పెట్టి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు అక్షరాలే చూశారు. ఇది ముందే ఎందుకు పెట్టలేదన్నారు. ఇన్‌స్క్రిప్ట్‌లో క ఉన్న మీట మీదే హిందీలోనూ క ఉంటుందని తెలిసి ఇప్పుడు దాన్నే నేర్చుకుంటా అంటున్నారు, 68 ఏళ్ల వయసులో. రోజుకి పది పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చి ఇద్దరం కూర్చుని దిద్దుతున్నాం. మొత్తం నాలుగొందల పైన ఉన్నాయి.

మా ఆవిడకి కార్లిటో పెట్టా, లైన్లు జారడం లేదు, మలైకాజా గారికి థాంక్స్ చెప్పమంది. ర్యామ్ ఇంకో 4 జీబీ వేయించా, మావాడు ఇరవై ట్యాబులు తెరిస్తే లైనక్స్ కూడా చేతులెత్తేస్తోంది. వాడు వాలరెంట్ గేమ్ కావాలన్నాడు. దాంట్లో మోసాలు పట్టే యాంటీ చీట్ లైనక్స్‌లో నడవదని చదివి, ఆ సంగతి వాడికి చాలా బాధగా చెప్పా.

ప్రింటర్ మాత్రం కాలేదు. ఆ మోడల్‌కి ఎవరో సొంతంగా రాసిన డ్రైవర్ ఉందంటే రెండు రాత్రులు కూర్చున్నా, ఒక పేజీ వచ్చింది, సగం నల్లగా. వదిలేశా. ప్రశ్నపత్రాలు పీడీఎఫ్ చేసి సందు చివర జిరాక్స్ షాపుకి ఫోన్‌లో పంపిస్తే తీసి ఉంచుతున్నాడు. విండోస్ ఉన్న పాత డిస్క్ ఇంకా లోపలే ఉంది, మరీ అవసరమైతే దాన్ని లేపి ప్రింట్ తీస్తాం. పదిరోజుల్లో ఒక్కసారి లేపాం.

మలైకాజా

కొత్త ప్రింటర్ కొనేటప్పుడు డ్రైవర్ లేకుండా వైఫై మీద ప్రింట్ తీసేవి ఉన్నాయి, అవి అడగండి. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ తీయగలిగేదైతే దాదాపుగా లైనక్స్‌కీ పనికొస్తుంది.

ఒంగోలు_గిత్త

పెన్నాగట్టూ, ఆ ఎస్ఎస్‌డీ ఎంత పడింది? ఊరికే అడుగుతున్నా.

పెన్నాగట్టు

రెండు వేల లోపే అన్నా. ఊరికే అడిగితే ఊరికే చెప్తున్నా. ఇంకో మాట, నాన్న నిన్న పేకాట యాడుందిరా అని అడిగారు. విండోస్‌లో రాసి రాసి అలిసిపోతే ఆడుకునేవారంట, నాకు ఇన్నేళ్లూ తెలియదు.

కావలి_కుర్రోడు

సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐల్‌రియట్ అని కొట్టన్నా. ఒకటి కాదు, ఎనభై పైగా రకాల పేకాటలు ఉంటాయి.

పెన్నాగట్టు

పెట్టా. ఈ రోజు తాత్పర్యం రాలేదు.